రెండు సీట్ల మియాటాలో 34 కిలోల జర్మన్ షెపర్డ్: పరుపు తర్వాత, ముందు నేల చదును చేయండి

ప్రశ్న క్లుప్తంగా: టెక్సాస్‌లోని ప్లేనోలో ఉండే ఒకాయనకు 2019 మాజ్డా ఎంఎక్స్-5 మియాటా ఉంది. గుడ్డ టాప్, మాన్యువల్ గేర్లు. ఇండియాకు తిరిగి వెళ్లిపోతున్న స్నేహితుడి దగ్గర్నించి నాలుగేళ్ల మగ జర్మన్ షెపర్డ్ వాళ్లింటికి వచ్చింది. బరువు 34 కిలోలు. కారు అమ్మడం ఆయనకు ఇష్టం లేదు. కుక్కను ఇంట్లో వదిలేసి తిరగడం అంతకన్నా ఇష్టం లేదు. సీట్లో ఎలాంటి పరుపు వేసి దాన్ని సుఖంగా కూర్చోబెట్టాలి, టాప్ తీసి నడపొచ్చా, ఎంత దూరం తీసుకెళ్లొచ్చు అని అడిగారు.

సమాధానం:

నమస్తే అండీ. నేను ఆస్టిన్‌లో ఉంటాను. 2012లో ఒక పాత మియాటా, 2004 మోడల్, కొన్నాను. అందులో శివంగి అనే పసుపు రంగు లాబ్రడార్‌ను తిప్పాను. 2017లో మీ కారు తరానికే మారాను. ఇప్పుడు నా పక్క సీటు కాటుకది. నల్ల లాబ్రడార్, ఆడది, 31 కిలోలు. పదేళ్లకు పైగా రెండు పెద్ద కుక్కలతో ఈ కార్లలో తిరిగి, చేసిన తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్నది చెబుతున్నాను. మీరు పరుపు సంగతితో మొదలుపెట్టారు. పరుపు చివర్లో వస్తుంది. అంతకుముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి: ఎయిర్‌బ్యాగ్, నేల (అంటే కుక్క కాళ్లు ఆనే చోటు).

ముందు ఎయిర్‌బ్యాగ్. రెండు సీట్ల కారులో వెనక సీటు అనే దారే లేదు. పన్నెండేళ్లలోపు పిల్లల్ని వెనకే కూర్చోబెట్టండని ఇక్కడి రవాణా భద్రతా సంస్థ చెప్పడానికి ఏది కారణమో, కుక్క విషయంలోనూ అదే కారణం. ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా విచ్చుకుంటుంది. సీటుకు వీపు ఆనించి కూర్చున్న పెద్ద మనిషి ఛాతీని ఆపేలా దాన్ని తయారుచేశారు. డాష్‌బోర్డు వైపు మూతి చాచి కూర్చున్న కుక్క మెడకు, తలకు ఆ దెబ్బ ప్రాణాంతకం కావచ్చు.

మీ కారులో ప్రయాణికుడి సీటు కింద బరువును గమనించే ఏర్పాటు ఉంది. సీట్లో పిల్లవాడున్నాడని అనుకుంటే ఎయిర్‌బ్యాగ్‌ను అదే ఆపేస్తుంది, ఆపినట్టు ఒక దీపం వెలిగిస్తుంది. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. అమెరికా నిబంధన ప్రకారం ఆరేళ్ల పిల్లవాడంత, అంటే దాదాపు 21 నుంచి 26 కిలోల బరువుంటే ఎయిర్‌బ్యాగ్ ఆగాలి. చిన్న ఆకారం ఉన్న ఆడమనిషంత, అంటే 47 నుంచి 51 కిలోలుంటే పనిచేయాలి. ఈ రెంటికీ మధ్య ఏం చేయాలన్నది కంపెనీ నిర్ణయం. మీ వాడి 34 కిలోలు సరిగ్గా ఆ మధ్యలో పడ్డాయి. పైగా కుక్క బరువు ఒకచోట నిలవదు. నిలబడినప్పుడు కుక్క ఒంటి బరువులో దాదాపు అరవై శాతం ముందుకాళ్ల మీద ఉంటుంది. ముందుకాళ్లు కింద, వెనకకాళ్లు సీటు మీద పెట్టి నిలబడితే సీటు మీద పడేది 14 కిలోలే. అదే కుక్క పూర్తిగా సీటెక్కి కూర్చుంటే మొత్తం 34 కిలోలూ సీటు మీదే. అంటే దీపం ఒక భంగిమలో వెలిగి ఇంకో భంగిమలో ఆరిపోవచ్చు. దీపం ఆరిందంటే ఎయిర్‌బ్యాగ్ సిద్ధంగా ఉన్నట్టు.

అందుకని ఒక్క రూపాయి ఖర్చుపెట్టకముందే ఈ పరీక్ష చేయండి. ఇంటిముందు కారు నిలిపి, ఇంజన్ ఆన్ చేసి, మీరు డ్రైవర్ సీట్లో కూర్చోండి. ఇంట్లోవాళ్లను తలుపు దగ్గర నిలబడమని కుక్కను సీట్లోకి ఎక్కించండి. కూర్చోబెట్టండి, పడుకోబెట్టండి, నిలబెట్టండి, సీటు వీపుకు ఒరగనివ్వండి. ప్రతి భంగిమలో కనీసం అర నిమిషం ఆగి దీపం చూడండి. వేరే రోజు మళ్లీ ఒకసారి చేయండి. అన్నిసార్లూ, అన్ని భంగిమల్లోనూ దీపం వెలిగే ఉంటే ముందుకెళ్లొచ్చు. ఒక్క భంగిమలో ఆరినా ఈ కారులో మీ కుక్కకు చోటు లేదు. ఇలా చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. కానీ ఇందులో రాజీ పడే వీలు లేదు. కాటుక విషయంలో నా కారులో దీపం ఎప్పుడూ ఆరలేదు. అది నా కారు, 31 కిలోల కుక్క. మీ కారులో మీరే చూసుకోవాలి.

దీపం ఆరుతోంది కదా అని ఫ్యూజు పీకడం, సీటు కింద వైరు తీయడం, ఆన్‌లైన్‌లో దొరికే చిన్న పరికరం తగిలించడం మాత్రం చేయకండి. రేపు అదే సీట్లో మీ ఆవిడో, అమ్మగారో కూర్చుంటారు. వాళ్లకు ఆ ఎయిర్‌బ్యాగ్ కావాలి. ప్రభుత్వ అనుమతితో ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టించుకునే పద్ధతి ఇక్కడ ఉంది. కానీ ఆ అనుమతికి ఒప్పుకునే కారణాలు నాలుగే: చంటిబిడ్డను ముందు కూర్చోబెట్టక తప్పకపోవడం, పన్నెండేళ్లలోపు పిల్లల్ని ముందు కూర్చోబెట్టక తప్పకపోవడం, వైద్య కారణం, స్టీరింగ్‌కు పది అంగుళాల దూరంలో కూర్చోలేకపోవడం. కుక్క వాటిలో లేదు. పాత మియాటాల్లో, అంటే నా 2004 కారు తరంలో, డాష్‌బోర్డు మీద తాళంచెవితో తిప్పి ప్రయాణికుడి ఎయిర్‌బ్యాగ్‌ను ఆపే స్విచ్ కంపెనీయే పెట్టి ఇచ్చింది. శివంగి ఉన్నన్నాళ్లూ నాకు ఈ దిగులు లేదు. ఎవరైనా కుక్క కోసమే మియాటా కొనాలనుకుంటుంటే ఆ తరం కారు వెతకమని చెబుతాను.

ఇంకో మాట. మీ కారు సీటు వీపు అంచులో పక్క ఎయిర్‌బ్యాగ్ కూడా ఉంది, తలుపు వైపున. పైన చెప్పిన దీపానికీ దానికీ సంబంధం లేదు. సీటు మొత్తాన్ని కప్పేసే తొడుగు వేస్తే ఆ కుట్టు దగ్గర అది సరిగ్గా విచ్చుకోలేదు. కాబట్టి తొడుగు వీపు మధ్యలో పరిచేదిగానే ఉండాలి. కుక్కకు తలుపు మీద తల వాల్చే అలవాటు కూడా చేయకండి.

ఇప్పుడు కట్టేయడం గురించి. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేనికైనా గుద్దుకుని ఆగితే, కట్టని కుక్క అదే వేగంతో ముందుకు పోతుంది. లెక్కకు అది దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి, అంటే మూడో అంతస్తు పైనుంచి కింద పడ్డంత. మనం మామూలుగా వాడే మెడపట్టీకి తాడు కడితే ఆ దెబ్బంతా గొంతు మీదే పడుతుంది. ఛాతీ చుట్టూ వెడల్పుగా ఉండే హార్నెస్ కావాలి, అదీ సీటుబెల్టు తన వెనక లూపుల్లోంచి దూరి వెళ్లేది.

శివంగికి మొదట ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికిన హార్నెస్ కొన్నాను. డబ్బా మీద క్రాష్ టెస్ట్ చేశామని పెద్ద అక్షరాలతో రాసుంది. ఒకరోజు సిగ్నల్ దగ్గర ముందు కారు హఠాత్తుగా ఆగింది. నేను గట్టిగా బ్రేకు తొక్కాను. గుద్దుకోలేదు, బ్రేకు మాత్రమే. పక్కన టప్‌మని చప్పుడైంది. చూస్తే హార్నెస్ ప్లాస్టిక్ క్లిప్పు రెండు ముక్కలై పడుంది. శివంగి కాళ్లు పెట్టుకునే గుంటలోకి జారిపోయింది. గడ్డం డాష్‌బోర్డు అంచుకు తగిలి కోరపన్ను చిట్లింది. నా ఒళ్లోకి పాక్కుంటూ వచ్చి తల దాచుకుంది. ఆ పన్ను తీయించాల్సి వచ్చింది. ఆ తర్వాత నెల రోజుల పాటు కారు తలుపు తీస్తే వెనక్కి నడిచేది.

అప్పుడు తెలుసుకున్నది ఏమిటంటే, కుక్కల హార్నెస్‌కు ఇక్కడ ప్రభుత్వ ప్రమాణం ఏదీ లేదు. క్రాష్ టెస్ట్ అని ఎవరైనా రాసుకోవచ్చు. సెంటర్ ఫర్ పెట్ సేఫ్టీ అనే లాభాపేక్ష లేని సంస్థ బొమ్మ కుక్కల్ని పెట్టి సొంతంగా పరీక్షలు చేస్తోంది. 2013లో సుబారు కంపెనీ ఆర్థిక సాయంతో చేసిన పరీక్షల్లో స్లీపీపాడ్ వాళ్ల హార్నెస్ అన్నిటికన్నా మెరుగ్గా నిలిచింది. నేను వాడేది ఆ కంపెనీదే. మీరు ఏది కొన్నా ఆ సంస్థ ధ్రువీకరించినది చూడండి. మీ వాడి బరువు, ఛాతీ చుట్టుకొలత దాని పరిమితిలో ఉన్నాయో లేదో కొలిచి మరీ కొనండి.

కట్టే పద్ధతి: సీటు పూర్తిగా వెనక్కి జరపండి. హార్నెస్ లూపుల్లోంచి బెల్టు పోనిచ్చి బకిల్‌లో పెట్టండి. ఇక్కడి చాలా కార్లలో ప్రయాణికుడి బెల్టును చివరిదాకా బయటికి లాగి వదిలితే టకటకమని వెనక్కి వెళ్తుందే తప్ప మళ్లీ బయటికి రాదు. పిల్లల సీటు బిగించడానికి పెట్టిన ఏర్పాటది. దానితో పొడవును ఖాయం చేయొచ్చు. కుక్క కూర్చోగలగాలి, పడుకోగలగాలి, కానీ మూతి డాష్‌బోర్డుకు అందకూడదు, భుజం మీ మోచేతికి తగలకూడదు. మీ తరం కారులో హ్యాండ్‌బ్రేక్ కుక్క వైపుకే దగ్గరగా ఉంటుంది, అది కూడా దృష్టిలో పెట్టుకోండి. సాగే తాళ్లు వాడకండి. అవి అందరికీ మెత్తగా అనిపిస్తాయి గానీ, బ్రేకు వేసినప్పుడు కుక్కను ముందుకు పోనిచ్చి మళ్లీ వెనక్కి విసురుతాయి.

ఇక నేల. మీ ప్రశ్నకు అసలు సమాధానం ఇదే కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను.

మియాటా సీటు రోలులా గుంటగా ఉంటుంది. ముందంచు ఎత్తు, వెనకభాగం పల్లం, పక్కల గట్లు. మలుపుల్లో మనిషి తుంటిని పట్టి ఉంచడానికి అలా చేశారు. కుక్క తుంటి అలాంటిది కాదు, కూర్చునే తీరూ అది కాదు. కుక్క ఆ గుంటలో కూర్చుంటే పిరుదులు కిందికి, ఛాతీ పైకి పోయి, ముందుకాళ్లకు ఆధారం ఉండదు. ప్రతి మలుపుకూ, ప్రతి గేరుకూ అది గోళ్లతో సీటును పట్టుకుని నిలదొక్కుకోవాలి. శివంగి మొదటి నెలల్లో ఏసీ చల్లగా వీస్తున్నా నాలుక బయటపెట్టి రొప్పేది. వేడి అనుకుని ఏసీ ఇంకా పెంచేవాణ్ణి. ఒకరోజు ఎర్రలైటు దగ్గర దాని తొడ మీద చెయ్యి వేస్తే కండరం సన్నగా వణుకుతోంది. అప్పుడు అర్థమైంది, అది వేడికి రొప్పడం లేదు, గంటసేపు ఏటవాలు మీద నిలబడ్డ అలసటకు రొప్పుతోంది. ఆ సీటు మీద నేను అంతకుముందే ఖరీదైన మెత్తటి పరుపు వేసి ఉన్నాను. మెత్తదనం దాన్ని ఇంకా జారనిచ్చింది.

కాబట్టి చేయాల్సినవి రెండు. సీటు గుంటను చదును చేయడం, ముందున్న కాళ్ల గుంటను సీటు ఎత్తుకు నింపడం.

కాళ్ల గుంటకు మొదట నేను ప్లైవుడ్ పెట్టె కొట్టించాను. బరువు, మూలలు పదును, ప్రమాదం జరిగితే అదే ఆయుధం. తీసి పారేశాను. ఇప్పుడు వాడేది ఇళ్ల గోడలకు వేసే గట్టి ఇన్సులేషన్ బోర్డు. మన థర్మోకోల్ జాతే కానీ గింజలు రాలదు, కాలు వేస్తే దిగదు. హార్డ్‌వేర్ దుకాణాల్లో రెండంగుళాల మందంలో నీలం రంగులోనో గులాబీ రంగులోనో దొరుకుతుంది. ఒక్కటి కొంటే సరిపోతుంది. ముందు అట్టపెట్టె చించి గుంట అడుగు ఆకారం కత్తిరించుకోండి. డాష్‌బోర్డు కిందికి వెళ్లేకొద్దీ నేల పైకి లేస్తుంది కాబట్టి ఒక్క అట్ట చాలదు, పొరకొకటి చేసుకోండి. నాకు నాలుగు పొరలు పట్టాయి. బ్రెడ్డు కోసే పళ్ల కత్తితో బోర్డు చక్కగా తెగుతుంది. పొరలు అతికించేటప్పుడు మాత్రం జాగ్రత్త. మామూలు రబ్బరు జిగురు ఈ బోర్డును కరిగించేస్తుంది. నా మొదటి ప్రయత్నంలో తెల్లారేసరికి మధ్యలో గుంటలు పడి ఉన్నాయి. డబ్బా మీద ఫోమ్ బోర్డులకు పనికొస్తుందని రాసున్నదే కొనండి. అతికిన దిమ్మను గుంటలో పెట్టి, అంచులు కత్తితో కొంచెం కొంచెం చెక్కుతూ కదలకుండా కూర్చునేదాకా సరిచేయండి. చేత్తో ఊపితే కిర్రుమనకూడదు. పైన కార్పెట్ ముక్క వేసి కింద రబ్బరు జాలీ చాప పరిస్తే పని అయిపోయినట్టే.

సీటు మీదికి ముక్కోణపు గట్టి ఫోమ్ దిమ్మ. వెనకవైపు మూడంగుళాలు, ముందంచు దగ్గర అరంగుళం, అలా ఏటవాలుగా కోయించండి. సోఫాలు కుట్టే ఏ దుకాణంలోనైనా కోసిస్తారు. వేలితో గట్టిగా నొక్కితే అరంగుళానికి మించి దిగని రకం అడగండి. దాని మీద మందపు కాన్వాస్ తొడుగు, అన్నిటికన్నా పైన యోగా చాప. ఆ చాపే అసలైన సుఖం. దాని మీద గోళ్లు, పాదాలు పట్టు చిక్కించుకుంటాయి. కాటుక మొదటిరోజు దాని మీద అడుగు పెట్టి, రెండు కాళ్లూ మార్చి మార్చి నొక్కి చూసుకుని, ఒక్కసారి ఊపిరి వదిలి పడుకుంది. మెత్తటి పరుపు మీద శివంగి అలా పడుకోగా నేను ఎప్పుడూ చూడలేదు.

ఇవన్నీ పెట్టాక ఎయిర్‌బ్యాగ్ దీపం పరీక్ష మళ్లీ మొదటినుంచి చేయాలి. ఫోమ్ వల్ల బరువు సీటు మీద పడే తీరు మారుతుంది. మనిషి కూర్చునేటప్పుడు ఇదంతా తీసేయాలి, లేకపోతే సీటు వాళ్ల బరువును తప్పుగా లెక్కగట్టొచ్చు. నేను మొత్తం రెండు నిమిషాల్లో తీసి గరాజ్‌లో పెట్టేలా చేసుకున్నాను. మీ కారు డిక్కీ 130 లీటర్లే కదా, అందులో ఇది పట్టదు.

చిన్న చిన్నవి కొన్ని. రెండు సీట్ల మధ్య గేరుబాక్సును కప్పే ఎత్తైన గట్టు (దాన్ని సొరంగం అంటారు) పక్కన మోకాలి దగ్గర తగిలించే కప్ హోల్డర్ ఉంటే తీసేయండి, మోచేయి గీసుకుంటుంది. కిటికీల లాక్ బటన్ నొక్కి ఉంచండి, పంజా స్విచ్ మీద పడితే అద్దం దిగిపోతుంది. దూరం వెళ్లాక ఆ సొరంగం వేడెక్కుతుంది. మీ కుక్క ఒరిగేది దాని మీదికే కాబట్టి అటువైపు ఒక అంగుళం ఫోమ్ ముక్క నిలబెట్టండి.

ఎక్కడం, దిగడం. కారు ఎత్తు తక్కువ కాబట్టి తేలిక అనుకుంటాం. నిజానికి తలుపు గుమ్మం వెడల్పు, సీటు గట్టు ఎత్తు, పైన టాప్ తక్కువ. కుక్క ఒళ్లు మెలితిప్పుకుని దూరాలి. జర్మన్ షెపర్డ్‌లకు తుంటి కీళ్ల జబ్బు ఎక్కువగా వస్తుంది కాబట్టి ఈ మెలికే మీకు పెద్ద సమస్య. టాప్ తీసి ఉంటే తలుపు మీదుగా దూకడం కొందరికి ముచ్చట. దయచేసి నేర్పకండి. దిగేటప్పుడు ఆ బరువంతా భుజాల మీద పడుతుంది. తలుపు బార్లా తీసి, ముందుకాళ్లు దిమ్మ మీద, తర్వాత వెనకకాళ్లు సీటు మీద, అప్పుడు తిరిగి కూర్చోవడం. ఈ వరుస ఇంజన్ ఆపిన కారులో వారం రోజులు రోజుకు అయిదుసార్లు, ప్రతిసారీ ఒక తాయిలంతో నేర్పండి. రెండో వారం ఇంజన్ ఆన్ చేసి కదలకుండా. మూడో వారం వీధి చివరిదాకా. మీ వాడు ఇల్లు మారి, మనుషులు మారి వచ్చాడు. తొందరపెట్టకండి.

నడపడం కూడా మారాలి. ఎప్పుడు బ్రేకు వేయబోతున్నామో, ఎటు తిప్పబోతున్నామో మనకు తెలుసు. కుక్కకు తెలియదు. క్లచ్ నెమ్మదిగా వదలండి, బ్రేకు ముందుగా మొదలుపెట్టి సన్నగా వేయండి. నేను ప్రతి పెద్ద మలుపుకూ ముందు "ఒరుగు" అంటాను. నాలుగు నెలలయ్యేసరికి ఆ మాట వింటూనే కాటుక పొట్ట కిందికి ఆనించి కూర్చోవడం మొదలుపెట్టింది. ఫ్రెడరిక్స్‌బర్గ్ దారిలో కొండల మీద మలుపులకు ఇది నాకు ఎంతో ఉపయోగపడింది.

టాప్ సంగతి. టెక్సాస్‌లో ఉండి మే నుంచి సెప్టెంబరు దాకా పగలు టాప్ తీసి కుక్కను తిప్పకూడదు. గాలి తగులుతోంది కదా అనిపిస్తుంది. కానీ పైన ఎండ, కింద నల్లటి సీటు, మధ్యలో రెండు పొరల బొచ్చు. కుక్క ముఖ్యంగా రొప్పడంతోనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. ఎదురుగాలిలో నోరెండిపోతుంది. నా పద్ధతి: పొద్దున 9 లోపు, బయట 27 డిగ్రీలు దాటకుండా, గంటకు 70 కిలోమీటర్లలోపు వేగం, అరగంట. కిటికీ అద్దాలు పైకే ఉండాలి. కళ్లకు కుక్కల కళ్లద్దాలు తప్పనిసరి. ఆ వేగంలో వచ్చే ఇసుక రేణువు కంటి నల్లగుడ్డు మీద గీత పెడితే వారాల తరబడి చుక్కలు వేయాలి. చెవులకు మెత్తటి గుడ్డ తొడుగు వేయండి. మనకు 20 వేల హెర్ట్జ్ దాకా వినిపిస్తే వాటికి 45 వేల దాకా వినిపిస్తుంది. మనకు హాయిగా ఉండే గాలి హోరు వాటికి హాయిగా ఉండదు. హైవే మీద టాప్ వేసే ఉంచండి. ఏసీ గాలిని ముఖానికీ కాళ్లకూ రెంటికీ వచ్చేలా పెట్టండి. ఎందుకంటే పడుకున్న కుక్కకు పైగాలి అందదు.

కారు ఆపి ఒక్క నిమిషం దుకాణంలోకి వెళ్లిరావడం అసలే వద్దు. బయట 21 డిగ్రీలున్నా మూసిన కారు లోపల పది నిమిషాల్లో 32కు, అరగంటలో 40కి చేరుతుంది. అద్దం కొంచెం దించినా పెద్ద తేడా రాదు. మీ కారు లోపలి చోటు చిన్నది, పైన నల్లటి గుడ్డ. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీలు. 41 దాటితే లోపలి అవయవాలు దెబ్బతింటాయి. ఎప్పుడైనా అతిగా రొప్పుతూ, చొంగ కారుతూ, తూలుతూ ఉంటే అక్కడే ఆపి ఒళ్లంతా చల్లని నీళ్లతో తడిపి, ఏసీ గాలి తగిలేలా ఉంచి, ఆ తర్వాత వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి పరుగెత్తండి. నేను రెండు లీటర్ల నీళ్ల సీసా ఒకటి సీటు వెనక ఎప్పుడూ ఉంచుతాను.

తిండి బయలుదేరే ముందు మూడు, నాలుగు గంటలనుంచీ పెట్టకండి. వాంతులు తగ్గుతాయి. జర్మన్ షెపర్డ్‌లాంటి లోతైన ఛాతీ కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఒకటుంది కాబట్టి, చేరగానే కూడా గిన్నె నిండా పెట్టకండి. అలవాటయ్యాక కూడా వాంతులు ఆగకపోతే సెరీనియా అనే మందు ఉంది. 2007 నుంచి ఇక్కడ కుక్కలకు ఆమోదించినదే. వెట్ రాసిస్తేనే వాడండి. మనం వేసుకునే ప్రయాణపు మాత్రలు వేయొద్దు.

ఎంత దూరం అని అడిగారు కదా. మొదటి రెండు నెలలు ఒక్కోసారి నలభై నిమిషాలు దాటకండి. తర్వాత గంటన్నరకు ఒకసారి ఆగి పది, పదిహేను నిమిషాలు నడిపిస్తూ రోజుకు నాలుగైదు గంటలు వెళ్లొచ్చు. మీరు ఆస్టిన్ వైపు వస్తే హిల్స్‌బరో దగ్గర ఒకసారి, టెంపుల్ దగ్గర ఒకసారి ఆగండి. దారి దాదాపు సమానంగా మూడు ముక్కలవుతుంది. అంతకు మించిన ప్రయాణమైతే పెద్ద కారు అద్దెకు తీసుకోవడం మంచిది. నేనూ అంతే చేస్తాను.

ఏ కుక్కకు ఇది కుదరదో కూడా చెప్పాలి. మగ గ్రేట్ డేన్ 60 కిలోలు దాటుతుంది, భుజం దగ్గరే 76 సెంటీమీటర్లు పైన. దానికి ఈ కారులో తల ఎత్తే చోటే లేదు, ఎయిర్‌బ్యాగ్ కూడా ఆగదు. తుంటి నొప్పి బయటపడిన కుక్కకూ వద్దు. కారు మార్చే ఆలోచన ఎప్పుడైనా వస్తే టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ చూడండి. వెనక సీటు వీపు ఒకే ముక్కగా మడిచి డిక్కీతో కలిపేయొచ్చు, నాలుగు టైర్లు పట్టేంత చోటు వస్తుంది. కుక్క ఎయిర్‌బ్యాగ్‌కు దూరంగా పడుకుంటుంది. కానీ అక్కడ కట్టే ఏర్పాటు కొనకముందే చూసుకోవాలి. పోర్షే 911లోనూ వెనక సీట్ల వీపులు మడిస్తే అలాంటి అరుగే వస్తుంది.

హైదరాబాద్, బెంగళూరు నుంచి మినీ కూపర్‌లాంటి చిన్న కార్లతో ఇది చదివేవాళ్లకు ఒక మాట. మీకు వెనక సీటు ఉంది కాబట్టి కుక్క చోటు అక్కడే. నేల చదును చేసే పద్ధతి మాత్రం ఇదే పనికొస్తుంది. ముందు సీట్ల వెనకున్న గుంటను నింపితే చాలు. స్పీడ్ బ్రేకర్ల దగ్గర పూర్తిగా నెమ్మదించండి. గట్టి సస్పెన్షన్ కుదుపు ముందుగా తగిలేది పడుకున్న కుక్క మోచేతులకే.

మీరు బోర్డు కొనకముందు నాకు రెండు సంగతులు రాయండి: కూర్చున్నప్పుడు నేల నుంచి చెవుల కొస దాకా మీ వాడి ఎత్తు ఎంత, కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు, నిలబడినప్పుడు దీపం ఎలా వెలిగింది. దీపం అన్నిసార్లూ వెలిగితే నా అట్ట నమూనాల కొలతలు పంపుతాను. మీ కారు కాళ్ల గుంట, నాది ఒకటే కాబట్టి చెక్కే పని సగం తగ్గుతుంది.